వాకిట్లో కర్ర

ఒడిశాలోని నయాగఢ్ జిల్లాలో కొన్ని ఊళ్లుంటాయి. అక్కడ తలుపు తీసేసరికి వాకిట్లో కర్ర కనిపిస్తే, ఆ రోజు అడవి కాపలా వంతు ఆ ఇంటిదని అర్థం. కాపలా ముగిశాక ఆ కర్రను తర్వాతి ఇంటి ముందు పెట్టి వస్తారు. దీన్ని ‘ఠెంగాపాళి’ అంటారు. ఒడియాలో ఠెంగా అంటే కర్ర, పాళి అంటే వంతు. జీతం లేదు, యూనిఫారం లేదు. గుండ్రిబాడి వంటి ఊళ్లలో ఈ పని ఆడవాళ్లే చూసుకుంటున్నారు.

కాపలా కాసినంత మాత్రాన అడవి తిరిగొస్తుందా? వస్తుంది. గుగ్గిలం చెట్టును నరికినా మొదలు చావదు. గొడ్డలి, మేకలు, నిప్పు దూరంగా ఉంటే ఆ మోడు నుంచే పిలకలు లేచి చెట్లవుతాయి.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఒక ఊరు తన కొండను కాపాడుకుంటుంది సరే, పొయ్యిలోకి కట్టెలు మాత్రం రోజూ కావాలి కదా! గొడ్డళ్లు పక్క ఊరి కొండ మీదికి వెళ్తాయి. మన కొండ పచ్చబడే కొద్దీ వాళ్ల కొండ బోడవుతుంది, రెండు ఊళ్లకూ తగాదా వస్తుంది. ఊరంత సంఘం ఎంత గట్టిదైనా ఇది తేల్చలేదు. ఊళ్లు కలిసి కూర్చోవాల్సిందే.

1980లలో నయాగఢ్‌లోని కేశర్‌పూర్ ఊరివాళ్లు బింఝగిరి కొండ కోసం ‘వృక్ష ఓ జీవర్ బంధు పరిషత్’ అనే సంఘం పెట్టుకుని, చుట్టుపక్కల ఊళ్లను కలుపుకున్నది ఇందుకే. తర్వాత జిల్లాకో మహాసంఘం, రాష్ట్రానికి ఒడిశా జంగల్ మంచ్ వచ్చాయి. దొంగ కలప పట్టుబడితే జరిమానా ఎంత, కట్టెలు ఏ నెలలో ఏరుకోనివ్వాలి, మంట లేస్తే ముందు ఎవరికి కబురు పెట్టాలి వంటివి ఒక ఊరు నేర్చుకుంటే, ఈ సంఘాల ద్వారా మరో ఊరికి చేరుతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వేలల్లో ఏర్పడ్డాయి. ప్రపంచ బ్యాంకు సాయంతో పథకాలూ నడిచాయి. నా ఉద్దేశంలో లోపం ఒక్కటే. ప్రతి సమితీ పైనున్న అటవీశాఖ వైపు చూసింది తప్ప పక్క ఊరి సమితి వైపు చూడలేదు. నిధులు ఆగగానే చాలా చోట్ల సమావేశాలూ ఆగాయి.

2006 అటవీ హక్కుల చట్టం తమ సామూహిక అడవిని కాపాడుకునే హక్కు ఊళ్లకే ఇచ్చింది. సరిహద్దు మీద రెండు ఊళ్లకు పేచీ వస్తే రెండు గ్రామసభల హక్కుల కమిటీలూ కలిసి కూర్చోవాలని దాని నియమాలు చెబుతున్నాయి. నయాగఢ్ వాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. 2021లో ఆ జిల్లా రణ్‌పూర్ బ్లాకులో 24 ఊళ్లకు సామూహిక హక్కు పత్రాలు అందాయి. ఏ వాగు దగ్గర తమ అడవి ఆగి పక్క ఊరి అడవి మొదలవుతుందో, కర్ర పట్టుకుని తిరిగినవాళ్లకు ముందే తెలుసు.