సర్వపిండి గిన్నెలో సైన్సు
(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, చిల్కూరు)

వార్షిక సంచికకు ఒక సైన్సు వ్యాసం కావాలని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, నేను అణుశక్తి గురించో అంతరిక్షం గురించో రాస్తానని వారు ఆశించి ఉంటారు. నేను సోరకాయ గురించి రాస్తున్నాను. మన్నింతురు గాక! మగపిల్లవాడికి వంటింట్లో ఏం పని అని నవ్వేవారు నవ్వవచ్చు. కారణం మాత్రం ఉంది.

మాది చిల్కూరు. బాలాజీ గుడికి మొక్కుకొని 11 ప్రదక్షిణలు, మొక్కు తీరితే 108 ప్రదక్షిణలు చేయడానికి వచ్చేవారందరికీ మా ఊరు తెలుసు. మా పొలాల్లో ఏం పండుతుందో మాత్రం చాలామంది చూసి ఉండరు. మాకున్న రెండెకరాలలో క్యారెట్, టమాట, ఒక పక్క సోరపాదులు. తెల్లవారుజామున మూడింటికి లేచి నాయన సంచులు ఆటోలో వేసుకొని మెహిదీపట్నం రైతు బజారుకు పోతాడు. ఇంత కూరగాయల నడుమ పెరుగుతున్న మా అక్క బిడ్డ, ఐదేళ్ళది, కూరగాయ అన్నది ముట్టదు. అన్నంలో కనబడ్డ ప్రతి ముక్కనూ ఏరి పళ్ళెం అంచున వరుసగా పేరుస్తుంది.

నిరుడు సంక్రాంతి తరువాత అంగన్‌వాడీలో తూకం వేసి, వయసుకు తగ్గ బరువు లేదన్నారు. అదే వారం ధర పడిపోయి రెండు సంచుల క్యారెట్ తిరిగి ఇంటికే వచ్చింది. ఒక మూల సంచులు, ఇంకో మూల చిప్సు పొట్లం పట్టుకొని కూర్చున్న పిల్ల. "ఊరందరికీ పెట్టేది మనమే, మన బిడ్డకే పెట్టలేకపోతున్నం" అని అక్క కండ్లనీళ్ళు పెట్టుకుంది. ఇది మా ఇంటి సంగతే అయితే సంచికలో రాయవలసిన పని లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్క ప్రకారం మన తెలంగాణలో ఆరు నెలల నుండి ఐదేళ్ళలోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. క్యారెట్ తింటే రక్తహీనత పోతుందని నేననడం లేదు, దానికి వేరే కారణాలూ వేరే వైద్యమూ ఉన్నవి. పిల్లల కడుపులోకి పోవలసినవి పోవడం లేదన్నది మాత్రం నిజం.

ఇంతకూ పిల్లలు కూరగాయ ఎందుకు వద్దంటారు? మొండితనమని మనవాళ్ళు రెండు వేస్తారు. 1931 లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పీటీసీ అనే పొడిని సీసాలో పోస్తుంటే కొంత గాలిలోకి లేచింది. పక్కనున్న ఆయన నోరంతా చేదు అని గోల పెట్టాడు. ఫాక్స్‌కు చేదే తెలియలేదు. ఒకే పొడి ఒకరికి చేదు, ఒకరికి మట్టి! అది పుట్టుకతో వచ్చే తేడా అని తరువాత తేలింది, 2003 లో దానికి సంబంధించిన జన్యువునూ పట్టుకున్నారు. క్యాబేజీ జాతి కూరలలో ఇటువంటి చేదు పదార్థాలే ఉంటాయి. పైగా పెద్దలకన్నా పిల్లలకు చేదు ఎక్కువ తగులుతుంది. అంటే మనకు కమ్మగా ఉన్న కూర దానికి నిజంగానే చేదు కావచ్చు. దెబ్బలు వేయడం అన్యాయం.

సరే, మరి క్యారెట్ చేదు కాదే? తియ్యగా ఉంటుంది కదా? ఇక్కడే నాకు మన క్యాంటీను గుర్తుకొచ్చింది. హాస్టలు మెస్సులో ఉర్లగడ్డ కూర వదిలేసి లేచేవాడే, సాయంత్రం అదే కూరను కర్రీపఫ్‌లో పెడితే క్యూ కట్టి తింటాడు. కూర మారలేదు, పైన పటుక్కుమనే పొర వచ్చింది, అంతే. (ఆ పొరంతా మైదా, వనస్పతి అనేది వేరే మాట.) పిల్ల వద్దంటున్నది కూరగాయను కాదు, ఉడికి మెత్తబడి జారిపోయే ఆ ముక్కను. చిప్సులో దానికి నచ్చిందీ ఆ చప్పుడే. కాబట్టి చేయవలసిన పని కూరగాయలోని నీటిని పోగొట్టడం. నూనెలో వేయిస్తే నీరు పోతుంది గానీ ఆ చోట నూనె చేరుతుంది. సెగమీద కాలిస్తే, అంటే బేకింగ్ చేస్తే, నూనె రెండు చెంచాలతో సరి.

మా ఇంట్లో ఓవెను లేదు. నేను ఈ సిద్ధాంతమంతా చెబుతుంటే నాయనమ్మ విని, "గంతేనా? సర్వపిండి చేస్తే అయిపాయె" అంది.

వరంగల్ వైపు సర్వపిండి అనీ, కరీంనగర్ వైపు గిన్నప్ప అనీ, ఇంకొన్ని చోట్ల తపాలచెక్క అనీ అంటారు. సర్వ అంటే గుండ్రటి లోహపు పాత్ర, పేరు దానిదే. మా నాయనమ్మ లెక్క ఇది: రెండు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు సోరకాయ తురుము, అర గ్లాసు క్యారెట్ తురుము, గంటసేపు నానిన శనగపప్పు గుప్పెడు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు గుప్పెడు, రెండు చెంచాల నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, ఉప్పు, కారం. పిల్లలకైతే కారం తగ్గించాలె.

మొదటిరోజు నేనే కలిపాను. రొట్టెపిండి అలవాటున చెంబెడు నీళ్ళు పోశాను. అది పిండి కాలేదు, గోడకు అంటించే లై అయింది. "నీళ్ళెందుకు పోస్తివిరా? సోరకాయల చెర్వే ఉంటది గద" అని నాయనమ్మ నవ్వింది. నిజమే, సోరకాయలో నూటికి తొంబై పాళ్ళకు పైగా నీరే. తురుముకు ఉప్పు కలిపి పది నిమిషాలు పక్కన పెడితే ఆ నీరు దానంతటదే బయటికొస్తుంది. ఆస్మాసిస్ అని మనం ఇంటర్మీడియట్‌లో ఉర్లగడ్డ ముక్కతో చేసిన ప్రయోగమే. ఆ నీటితోనే పిండి తడిపితే కూరగాయ సారం పారబోయడం ఉండదు. చాలకుంటే చేయి తడి చేసుకోవాలె, అంతే.

గిన్నెకు లోపల నూనె రాసి, పిండిని అడుగునా పక్కలకూ పలుచగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడ రంధ్రాలు పొడిచి, ఒక్కో రంధ్రంలో రెండు చుక్కల నూనె వేసి, మూతపెట్టి సన్నని సెగమీద పది పన్నెండు నిమిషాలు. ఆ తరువాత మూత తీసి మరి మూడు నాలుగు నిమిషాలు. తిప్పివేయడం లేదు.

ఇందులో ప్రతి పనికీ ఒక కారణం ఉంది. మూత ఉన్నంతసేపు పిండిలోని నీరే ఆవిరై, సెగ తగలని పైభాగాన్ని ఉడికిస్తుంది. నీరున్నంతవరకు పిండి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఉడుకుతుంది గానీ ఎర్రబడదు. గిన్నెను తాకిన అడుగుభాగం ముందు ఆరిపోతుంది. ఆరిన చోట వేడి 140 డిగ్రీల దాకా ఎక్కితే, పిండిలోని చక్కెరలూ ప్రోటీనుల అమైనో ఆమ్లాలూ కలిసి ఎర్రటి రంగు, కమ్మటి వాసన పుట్టిస్తాయి. 1912 లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ దీనిని వివరించాడు గనుక మయార్ చర్య అంటారు. రొట్టె వాసన, వేగిన పల్లీల వాసన అన్నీ చాలావరకు ఇదే. రంధ్రాలు ఆవిరికి దారి, నూనెకు కూడా. చివర మూత తీయకపోతే ఆవిరి నీళ్ళై మళ్ళీ పైన పడి అంతా మెత్తబడుతుంది.

రెండవ వాయికి ఇంకో పాఠం నేర్చుకున్నాను. వేడి గిన్నెలోనే పిండి ఒత్తబోయి మూడు వేళ్ళు కాల్చుకున్నాను. పిండి కూడా అంటుకోలేదు. తగిలిన చోటల్లా వెంటనే ఉడికి ముద్దలుగా ఊడివచ్చింది. గిన్నెను బోర్లించి వెనుక నీళ్ళు చల్లి చల్లార్చిన తరువాతే రెండవది వేయాలి.

ఎర్రగా కాల్చండి గానీ నల్లగా మాడ్చకండి. పిండి పదార్థాలను 120 డిగ్రీలు దాటి కాల్చినా వేయించినా అక్రిలమైడ్ అనే పదార్థం కొంత పుడుతుందని 2002 లో స్వీడన్ వారు బయటపెట్టారు. మంచిది కాదని అనుమానిస్తున్న పదార్థం. రంగు ముదిరేకొద్దీ అదీ పెరుగుతుంది.

సర్వపిండి కుదిరాక నాకు ఆశ పెరిగింది. మా జొన్నలతో బిళ్ళలు చేద్దామనుకున్నాను. అడుగుమందం కడాయిలో రెండంగుళాల దొడ్డుప్పు పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూతవేసి పావుగంట వేడిచేస్తే అదే ఓవెను. కెమిస్ట్రీ ల్యాబులో అడిగి తెచ్చిన 360 డిగ్రీల థర్మామీటరును ఉప్పుకు తగలకుండా వేలాడదీసి చూస్తే 170 దాటింది. జొన్నపిండి ఒక్కటే అయితే బిళ్ళలు పగిలిపోయాయి. గోధుమలో ఉండే గ్లూటెను, అంటే సాగి పట్టుకునే గుణం, జొన్నలో లేదు. సగం గోధుమపిండి కలిపితే నిలిచాయి. గ్లాసెడు జొన్న, గ్లాసెడు గోధుమ, గట్టిగా పిండిన క్యారెట్ తురుము అర గ్లాసు, నువ్వులు, ఓమ, రెండు చెంచాల నెయ్యి, ఉప్పు. పిండిన రసం పప్పులో పోయండి. రూపాయి బిళ్ళ కన్నా కొంచెం మందంగా, ఇరవై నిమిషాలు. నెయ్యి రుచికే కాదు, క్యారెట్‌లోని బీటా కెరోటిన్ కొవ్వులో కరిగేది గనుక అది ఒంటబట్టడానికి కూడా. బీట్‌రూట్‌తో కూడా చేశాను. పచ్చిపిండి ఎర్రగా ఉంటే పిల్ల గంతులు వేసింది, కాలిన తరువాత మట్టిరంగు చూసి మొహం ముడిచింది. ఆ ఎరుపు వేడికి నిలవదు. చెంచాడు పెరుగు కలిపితే పులుపుకు కొంత నిలిచింది.

ఇవి కూరకు బదులు కావు. సి విటమిను వేడికి చాలావరకు పోతుంది, ఒక ముక్కలో పట్టే కూరగాయ కూడా గుప్పెడే. అయితే కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి పదిమార్ల దాకా నోట పెట్టవలసి రావచ్చని లియాన్ బర్చ్ వంటి పరిశోధకులు 1980 ల నుండి చెబుతూ వచ్చారు. ఆ పదిమార్లు ఏడుపు లేకుండా గడవాలి కదా! అందుకే మేము క్యారెట్‌ను దాచలేదు. తురుము సన్నం నుండి దొడ్డుకు మార్చుకుంటూ పోయాము. దాచిపెట్టి తినిపిస్తే పిల్ల తిన్నది పిండిని, క్యారెట్‌ను కాదు.

రంధ్రాలు పొడిచే పని ఇప్పుడు దానిదే. చల్లని గిన్నె కాబట్టి భయం లేదు. లెక్కపెట్టుకుంటూ పొడుస్తుంది, పదమూడు దాటితే మళ్ళీ ఒకటి నుండి మొదలు. తన వేలు దిగిన ముక్కే కావాలని పేచీ. అన్నంలో క్యారెట్ ముక్కలను ఇంకా ఏరుతూనే ఉంది, కాకపోతే అన్నీ కాదు. మొన్న ఇంటికి పోయినప్పుడు, "మామా, గిన్నె సల్లారేదాంక ఎంతసేపు కూసోవాలె?" అని అడిగింది. నాయన ఆ వారమే రెండో గిన్నె కొనుక్కొచ్చాడు.