కెమెరా కదిలితే కొబ్బరితోపు

ఫోటో అంటే స్పష్టంగా ఉండాలన్నది మనందరి అభిప్రాయం. బ్యాంకులో పనిచేసే నాలాంటివారికి ఆ అలవాటు మరీ ఎక్కువ. ఖాతా తెరిచే ఫారం మీద అతికించిన ఫోటోలో ముఖం కాస్త మసకగా ఉన్నా తిప్పి పంపిస్తాం. అక్కడ ఫోటో ఒక సాక్ష్యం. అయితే సాక్ష్యం చెప్పడం ఒక్కటే ఫోటోకు పని కాదు. కావాలనే కెమెరాను కదిలించి, చెట్టునీ కొండనీ ఏటినీ నలుపు తెలుపు గీతలుగా, నీడలుగా తీసే పద్ధతి ఒకటుంది. దాన్ని ‘ఇంటెన్షనల్ కెమెరా మూవ్‌మెంట్’ అంటారు. పొడి అక్షరాల్లో ఐ.సి.ఎం. మన కావేరిపట్టణం చుట్టుపక్కల ఇంటిల్లిపాదీ చేసి చూడదగిన పని కనుక దాని గురించి నాలుగు మాటలు.

ఎలా తీయాలి?

కెమెరాలో షట్టరు అనే తలుపు తెరుచుకుని ఉన్నంతసేపే వెలుగు లోపలికి వస్తుంది. పగటిపూట మామూలు ఫోటోకు సెకనులో నూరో వంతు చాలు. అంత తక్కువ వ్యవధిలో చెయ్యి కొంచెం కదిలినా పెద్దగా తెలియదు. అదే షట్టరును అర సెకనో, ఒక సెకనో తెరిచి ఉంచి, ఆలోగా కెమెరాను ఒక దిక్కుగా నెమ్మదిగా జరిపితే, ఎదుట ఉన్న దృశ్యం కుంచెతో గీసినట్టు సాగిపోతుంది.

ఏ దిక్కుకు జరపాలో ఎదుట ఉన్న వస్తువును బట్టి తెలుస్తుంది. కొబ్బరితోపులో అయితే కింది నుంచి పైకి జరపాలి. మానులు నిలువు గీతలుగా నిలబడతాయి. మట్టలు, పొదలు కరిగి మంచులా కలిసిపోతాయి. ఏటి ఒడ్డున ఎడమ నుంచి కుడికి జరిపితే ఇసుక, నీరు, అవతలి గట్టు, ఆకాశం నాలుగు పట్టీలుగా మిగులుతాయి. కృష్ణగిరి కొండకైతే దాని అంచు వెంబడే కెమెరాను నడిపించాలి. గుబురుగా, గుండ్రంగా ఉండే మామిడిచెట్టు ముందు కెమెరాను చక్రంలా కాస్త తిప్పి చూడవచ్చు.

ఇందులో కొంచెం లెక్క కూడా ఉంది. మంచి ఎండలో 100 ఐ.ఎస్.ఓ. పెట్టి, కటకం రంధ్రాన్ని ఎఫ్ 22కు తగ్గించినా షట్టరు వేగం సెకనులో 50వ వంతు దగ్గరే ఆగుతుంది. అది మనకు చాలదు. వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించే ఎన్.డి. ఫిల్టరు తగిలిస్తే సెకనులో 6వ వంతు వస్తుంది. ఇంకా ముదురు ఫిల్టర్లూ దొరుకుతాయి. తెల్లవారుజామున, పొద్దుగూకాక అయితే ఫిల్టరు లేకుండానే అర సెకను దొరుకుతుంది. చాలా సెల్‌ఫోన్లలో ‘ప్రో’ మోడ్‌కు వెళ్లి షట్టరును మనమే మార్చుకోవచ్చు. లేకుంటే అందుకు యాప్‌లున్నాయి. 36 ఫోటోల ఫిల్ము రోలు కొన్న రోజుల్లో ఇలాంటి ప్రయోగం ఖరీదైన వ్యవహారం. ఇప్పుడు యాభై తీసి నలభైతొమ్మిది చెరిపేసినా నష్టం లేదు.

రంగు ఎందుకు వద్దు?

రంగు కనిపించగానే ‘ఇది ఆకు, ఇది మట్టి’ అని మన కన్ను పేరు పెట్టేసి ఊరుకుంటుంది. రంగు తీసేస్తే వెలుగునీ నీడనీ చూడక తప్పదు. ఇది మన తెలుగువారికి కొత్త సంగతేమీ కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే చూపిన వెన్నెలను మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వెన్నెలలో ఉన్నది నలుపు, తెలుపు, వాటి నడుమ ఎన్నో బూడిద ఛాయలు. 2010లో ఆ సినిమా రంగుల్లో కూడా విడుదలయింది. రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి, తేడా వాళ్లే చెబుతారు.

అంతకు చాలా ముందే అమెరికాలో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1922 నుంచి మేఘాలను నలుపు తెలుపుల్లో తీశారు. వాటికి ‘ఈక్వివలెంట్స్’ అని పేరు పెట్టారు, అంటే సమానార్థకాలు. మేఘం వంకతో మనసులోని భావాన్ని చూపడం ఆయన ఉద్దేశం. నేల కనిపించదు కనుక వాటిలో చాలావాటికి ఏది పైనో ఏది కిందో చెప్పలేం. ఆయన కెమెరా కదపలేదు. ఆస్ట్రియాలో పుట్టిన ఎర్నెస్ట్ హాస్ 1950లలో నెమ్మది షట్టరుతో స్పెయిన్ ఎద్దుల పోరును తీసి, కదలికనే బొమ్మగా చేశారు. ఆయనవి రంగుల ఫోటోలు. మనం చెప్పుకుంటున్న పద్ధతిలో ఈ ఇద్దరి దారులూ కలుస్తాయి.

మన ఏరు, రెండు ఫోటోలు

పేరుకు కావేరిపట్టణమే గానీ మన ఊరి పక్కన పారేది కావేరి కాదు, దక్షిణ పినాకిని. తమిళంలో తెన్‌పెణ్ణై. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, బెంగళూరు తూర్పు శివార్ల మీదుగా హోసూరు దగ్గరి కెలవరపల్లి డ్యాముకు, అక్కడినుంచి కృష్ణగిరి డ్యాముకు, ఆ తర్వాత మన దగ్గరికి వస్తుంది. ఆ నందికొండల్లోనే పుట్టిన ఉత్తర పినాకిని అనంతపురం, కడప మీదుగా నెల్లూరు చేరి ‘పెన్న’ అనిపించుకుంటుంది. పుట్టిల్లు ఒకటే అయిన అక్కచెల్లెళ్లలో ఒకరు మన వాకిట్లో ఉన్నారన్నమాట.

ఈ చెల్లెలి ఒంట్లో బాగాలేదు. బెంగళూరు వైపు నుంచి వచ్చే శుద్ధిచేయని మురుగు, పరిశ్రమల వ్యర్థాల కారణంగా కెలవరపల్లి దగ్గర తెల్లటి నురగ గుట్టలుగా పేరుకోవడం ఎన్నోసార్లు పత్రికలకెక్కింది. ఆ నురగను అర సెకను షట్టరుతో, నలుపు తెలుపుల్లో తీస్తే ఎలా ఉంటుందో ఊహించండి. హిమాలయాల మంచులా ఉంటుంది! పటం కట్టించి గోడకు తగిలిస్తే వచ్చినవారంతా మెచ్చుకుంటారు. ఆ నీళ్లు ఏ పొలానికి పోతున్నాయని ఒక్కరూ అడగరు.

ఇక్కడే ఈ కళకు ఒక హద్దు ఉందని నాకనిపిస్తుంది. మసక చేయడం వల్ల కొబ్బరితోపుకు నష్టం లేదు. దాన్ని మరింత శ్రద్ధగా చూడడం నేర్చుకుంటాం. నురగను మసక చేస్తే మాత్రం జబ్బు కప్పడిపోయి అందం మిగులుతుంది. కాబట్టి నురగ దగ్గర కెమెరాను గట్టిగా పట్టుకుని, రంగుల్లో, స్పష్టంగా తీయాలి. తేదీ, చోటు రాసి పెట్టాలి. అది సాక్ష్యం. మంచి ఖాతా పుస్తకంలో జమ, ఖర్చు రెండూ ఉన్నట్టే, ఒకే ఏటికి ఈ రెండు రకాల ఫోటోలూ మన ఇళ్లలో ఉండాలి.

వచ్చే సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకుని తెల్లవారుజామున ఏటి ఒడ్డుకు వెళ్లండి. ముందు కెమెరా కదిలించి ఒకటి తీయించండి, తర్వాత కదలకుండా ఇంకొకటి తీయించండి. బడిలో వాళ్లు దీన్ని తెన్‌పెణ్ణై అని నేర్చుకుంటారు. రెండు ఫోటోల వెనుకా ‘దక్షిణ పినాకిని’ అని తెలుగులో రాయించవలసింది మనమే.