అబ్బా వదిలి వెళ్ళిన రైఫిల్‌కు ధర ఎలా కట్టాలి?

చిత్తూరులో మా చుట్టాలింట్లో ఈ మధ్య ఆస్తి పంపకం కూర్చున్నారు. ఇల్లు, మామిడి తోట, బంగారం లెక్క సాయంత్రానికి తేలింది. తేలనిది ఒక్కటే, చనిపోయిన పెద్దాయన లైసెన్సు రైఫిల్. పెద్ద కొడుకు "పాత ఇనుము, ఐదు వేలు కూడా రాదు, నేనే ఉంచుకుంటా" అన్నాడు. చిన్నవాడేమో "వేట రైఫిల్ అన్నా, రెండు లక్షలు పలుకుతుంది" అన్నాడు. అక్కాచెల్లెళ్ళు ముగ్గురూ ఏమీ మాట్లాడలేదు. నిజానికి ఆ ధర మీద ఆధారపడింది వాళ్ళ హక్కే.

ఇలాంటి తుపాకులు మన వైపు పాత ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. బాకరాపేట దగ్గరి చామల లోయలో పులి వేట గురించి కెన్నెత్ ఆండర్సన్ ఇంగ్లీషులో కథలు రాసిన కాలం ఒకటుండేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. కాబట్టి "వేట రైఫిల్" అనే పేరుకు ఇప్పుడు విలువ లేదు. మరి దేనికి ఉంది?

మొదట చూడాల్సింది కాగితం

సరుకు ఎంత మంచిదైనా, కొనేవాడు లేకపోతే ధర లేదు. ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవాళ్ళకే అమ్మాలి. అదీ ఆ రకం, ఆ బోరు అతని లైసెన్సులో ఉండాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. ముందే రెండున్నవాడు మీది కొనలేడు, వారసుడైనా ఉంచుకోలేడు. అందుకే ఈ మార్కెట్ చాలా చిన్నది.

లైసెన్సుదారు చనిపోతే తుపాకీని ఇంట్లో ఉంచుకోకూడదు. ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. గడువులోగా వారసుడు తన పేరున లైసెన్సు తెచ్చుకోవాలి, లేదా అర్హుడికి అమ్మించి డబ్బు తీసుకోవాలి. గడువు దాటితే అది సర్కారు పరం అవుతుంది. అప్పుడు అందరి వాటా సున్నా. "గొడవ తేలాక చూద్దాం" అని బీరువాలో పెట్టి తాళం వేస్తే, లైసెన్సు లేని ఆయుధం కింద కేసు కూడా పడొచ్చు.

ఇంకో మాట. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో వేరయింది. మీ ఊరు ఏ కలెక్టరు కిందికి వచ్చిందో చూసుకుని దరఖాస్తు పెట్టండి.

తర్వాత బోరు

.315 రైఫిళ్ళు మన ప్రభుత్వ కర్మాగారాల్లోనే తయారవుతాయి, తూటాలూ ఇక్కడివే. వీటికి కొనేవాళ్ళు దొరుకుతారు. .303 మాత్రం నిషేధిత బోరు. అలాంటిదైతే బేరం మాట్లాడకుండా ముందు కలెక్టరేట్‌లో అడగండి. ఇక విదేశీ రైఫిళ్ళు. 1980ల నుంచి సామాన్యులకు వీటి దిగుమతి దాదాపు ఆగిపోయింది కాబట్టి మంచి కంపెనీ తుపాకీకి గిరాకీ ఉంటుంది. కానీ తూటా దొరకాలి. ఆండర్సన్ వాడిన .405 వించెస్టర్ లాంటిదైనా, తూటా లేకపోతే గోడకు తగిలించుకునే వస్తువే.

అప్పుడు తుపాకీ ఒంటి సంగతి

ఈ పరీక్ష ఇంట్లో చేయొద్దు. ఖాళీగా ఉందో లేదో డీలరే చూసి విప్పుతాడు. మీరు పక్కన నిలబడి నాలుగు అడగండి. గొట్టం లోపలి మెలికల గాళ్ళు స్పష్టంగా ఉన్నాయా, అరిగిపోయాయా? తుప్పు గుంటలు పడ్డాయా? గొట్టం ఎక్కడైనా ఉబ్బిందా? తుపాకీ మీది నంబరు, లైసెన్సులోని నంబరు ఒక్కటేనా? పైపైన మెరుగు పెట్టించినా లోపల గుంటలుంటే ధర బాగా పడిపోతుంది. గొట్టం కోసి పొట్టి చేసి ఉంటే అది ధర సంగతి కాదు, నేరం సంగతి.

ధర కట్టే పద్ధతి

అదే రకం కొత్తది డీలరు దగ్గర ఎంతో కనుక్కోండి. అక్కడి నుంచి అరుగుదల, రిపేరు ఖర్చు తీసేయండి. ఇద్దరు డీలర్ల దగ్గర కాగితం మీద ధర రాయించుకోండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. డీలరు కొనే ధర వేరు, అమ్మే ధర వేరు. మధ్యలో అతని లాభం, నిల్వ ఖర్చు ఉంటాయి. మీ చేతికి వచ్చేది కొనే ధరే కాబట్టి పంపకానికి అదే లెక్క. ఇంకో జాగ్రత్త, తుపాకీ ఉంచుకోవాలనుకునే వారసుడొక్కడే డీలరు దగ్గరికి పోకూడదు. అక్కాచెల్లెళ్ళ తరఫున కూడా ఒకరు వెళ్ళాలి.

ఉదాహరణకు అప్పులు, వసీయత్ తీరాక రైఫిల్ విలువ 72,000 అనుకుందాం. భార్యకు ఎనిమిదో వంతు 9,000. మిగిలిన 63,000 ఇద్దరు కొడుకులకు, ముగ్గురు కూతుళ్ళకు. కొడుకుకు రెండు వాటాలు, కూతురికి ఒకటి, మొత్తం ఏడు. కొడుక్కి 18,000, కూతురికి 9,000. తుపాకీ పెద్ద కొడుకు ఉంచుకుంటే తన 18,000 పోను 54,000 మిగతావాళ్ళకు ఇవ్వాలి. అదే "ఐదు వేల ఇనుము" అని రాసుకుంటే కూతురి చేతికి వచ్చేది 625 రూపాయలు.

బయటివాళ్ళకు అమ్మితే కొనేవాడి పేరు, చిరునామాతో కలెక్టరుకు గానీ, దగ్గరి స్టేషన్‌కు గానీ రాసివ్వాలి. 45 రోజులు గడిచాకే అప్పగించాలి. ఆ లోపు బయానా తీసుకుని వస్తువు ఇచ్చేయొద్దు.

మా చుట్టాలు చివరికి రైఫిల్‌ను డీలరు దగ్గర జమ చేశారు. రెండో ధర కాగితం కోసం పెద్దన్నతో పాటు ఈసారి చిన్నక్క కూడా వెళుతోంది.