మీ సర్వర్ ఎలా ఉండాలో రాసి ఉందా?

మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లినా నిబంధన ఒకటే. తేమ 17 శాతం దాటకూడదు. కల్లంలో ఆరబోశారా, రోడ్డు మీద పట్టా పరిచారా, డ్రయ్యర్‌లో పోశారా అని ఎవరూ అడగరు. ధాన్యం ఏ స్థితిలో ఉండాలో మాత్రమే చెబుతారు, ఉందో లేదో కొలుస్తారు. రాత్రి వాన పడి కుప్ప తడిస్తే నిన్నటి కొలత చెల్లదు, మళ్లీ కొలవాల్సిందే. క్లౌడ్‌లోని కంప్యూటర్లను అదుపులో ఉంచే పద్ధతి కూడా ఇదే. ఇంజనీర్లు దీన్ని డిక్లరేటివ్ కాన్ఫిగరేషన్ అంటారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. పంటను ఆన్‌లైన్‌లో వేలం వేసే జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న మొదలైనప్పుడు తొలి విడత మార్కెట్లలో ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని తిరుమలగిరి ఉంది. సూర్యాపేట యార్డు తర్వాత చేరింది. ఈ-నామ్ ఒక్కటే కాదు, ఆస్పత్రి బిల్లు, మిల్లు లెక్కలు, కాలేజీ ఫీజులు అన్నీ ఎక్కడో ఒక సర్వర్ మీదే నడుస్తున్నాయి. ఆ సర్వర్ ఒకప్పుడు ఆఫీసులో బీరువా పక్కన ఉండేది. ఇప్పుడు డేటా సెంటర్‌లోని పెద్ద కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌తో ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడి కంప్యూటర్‌లా అద్దెకిస్తున్నారు. అదే వర్చువల్ మెషీన్. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే క్లౌడ్ కేంద్రం తెరిచింది.

అలాంటి మెషీన్ నిమిషాల్లో తయారవుతుంది. ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది. ఒకటి కావాల్సిన చోట పది పుట్టుకొస్తాయి. ఏదో రిపేరు కోసం ఒకరు రాత్రిపూట విండోస్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ద్వారాన్ని, అంటే పోర్టు 3389ని, ఇంటర్నెట్ మొత్తానికీ తెరుస్తారు. పని అయిపోతుంది, పోర్టు మూయడం మరిచిపోతారు. ఇంకొకరు తొమ్మిది మెషీన్లకు అప్‌డేట్ వేసి పదోదాన్ని వదిలేస్తారు. ఆరు నెలలకు పదీ పది రకాలుగా తయారవుతాయి. దాడి చేసేవాడు వెతికేది ఆ ఒక్క తెరిచిన పోర్టునే, ఆ ఒక్క పాత మెషీన్‌నే.

ఒక్క మెషీన్ తేడాగా ఉంటే ఏమవుతుందో 2012 ఆగస్టు 1న అమెరికా స్టాక్ మార్కెట్ చూసింది. నైట్ క్యాపిటల్ అనే సంస్థ ఎనిమిది సర్వర్లలో కొత్త ప్రోగ్రాం వేయాల్సి ఉండగా ఏడింటిలోనే వేసింది. ఎనిమిదోదానిలో ఎప్పుడో వాడకం మానేసిన పాత కోడ్ మేల్కొని, ఆపకుండా కొనుగోళ్లు, అమ్మకాలు జరిపింది. దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్ల నష్టం. ఎనిమిదింటినీ పోల్చి చూసే ఏర్పాటే ఉంటే మార్కెట్ తెరవకముందే ఆ తేడా బయటపడేది.

ఆ ఏర్పాటు కొత్తదేమీ కాదు. ఓస్లో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మార్క్ బర్జెస్ 1993లో సీఎఫ్‌ఇంజిన్ అనే సాధనాన్ని రాశారు. 2005లో పప్పెట్, 2012లో యాన్సిబుల్, 2014లో టెర్రాఫాం వచ్చాయి. టెర్రాఫాం ఎక్కువగా మెషీన్లను పుట్టించడానికి పనికొస్తుంది, మిగతావి మెషీన్ లోపలి సంగతి చూస్తాయి. పద్ధతి మాత్రం ఒకటే. ఏ పోర్టులు తెరిచి ఉండాలి, ఎవరికి అడ్మిన్ హక్కులుండాలి, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌లో ఉండాలి అన్నది ఒక ఫైలులో రాస్తారు. సాధనం మెషీన్‌ను చూస్తుంది, ఫైలుతో పోలుస్తుంది, తేడా ఉంటేనే సరిచేస్తుంది. తేడా లేకపోతే దేన్నీ ముట్టుకోదు కాబట్టి వందసార్లు నడిపినా ప్రమాదం లేదు. పప్పెట్ మామూలుగా అరగంటకోసారి ఇలా చూసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్‌లో ఇదే పని చేసే సేవకు మూడు తీర్లున్నాయి: తేడాను చెప్పి ఊరుకోవడం, ఒకసారి సరిచేసి ఆపైన కనిపెట్టుకుని ఉండడం, తేడా వచ్చినప్పుడల్లా తానే సరిచేయడం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి తీరుతోనే కొన్ని వారాలు గడపాలని నా గట్టి అభిప్రాయం. తమ మెషీన్లు నిజంగా ఎలా ఉన్నాయో చాలామందికి అప్పుడే మొదటిసారి తెలుస్తుంది.

మన చట్టాలు కూడా ఇటే నడిపిస్తున్నాయి. 2022 ఏప్రిల్ 28న దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, మెషీన్‌లో జరిగినవి నమోదయ్యే లాగ్‌లను 180 రోజులు దాచాలి, కంప్యూటర్ల గడియారాలను ప్రభుత్వ సంస్థల ప్రామాణిక సమయంతో కలపాలి. గడియారం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ రెండు మెషీన్ల మధ్య పది నిమిషాల తేడా ఉంటే దొంగ ముందు ఎక్కడ చొరబడ్డాడో, తర్వాత ఎటు వెళ్లాడో లాగ్‌లు చూసి చెప్పడం కష్టం. ఫైలులో ఒక్క పంక్తి రాస్తే మెషీన్లన్నీ ఒకే సమయం పాటిస్తాయి. వ్యక్తిగత డేటాకు తగిన రక్షణ కల్పించకపోతే 2023 నాటి డేటా రక్షణ చట్టం 250 కోట్ల రూపాయల దాకా జరిమానాను నిర్దేశిస్తోంది.

ఈ పద్ధతిలో ప్రమాదాలూ ఉన్నాయి. ఒక తప్పు పంక్తి ఒకేసారి వంద మెషీన్లను పడగొట్టగలదు. అందుకే ఫైలును మార్పులన్నీ నమోదుచేసే గిట్‌లో పెట్టి, రెండో మనిషి చదివాకే అమలు చేయాలి. పాస్‌వర్డులు అందులో రాయనే కూడదు. టెర్రాఫాం తన గుర్తుకోసం దాచుకునే స్టేట్ ఫైలులో రహస్యాలు మామూలు అక్షరాల్లోనే ఉండిపోవచ్చు. దాన్ని తాళం వేసినట్టు కాపాడుకోవాలి.

సూర్యాపేటలో 2023లో ఐటీ హబ్ తెరిచారు. అయినా కోదాడ, మిర్యాలగూడ కాలేజీల్లో ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లలు ఏటా హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. సర్వర్లను ఇలా ఫైలుతో నడిపే విద్యకు ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. యాన్సిబుల్ ఉచితం. ఒక మంచి ల్యాప్‌టాప్‌లో రెండు మూడు వర్చువల్ మెషీన్లు పెట్టుకుని, కావాలనే ఒకదాన్ని చెడగొట్టి, ఫైలుతో మళ్లీ సరిచేయడం చివరి ఏడాది విద్యార్థి ఎవరైనా నేర్చుకోగలరు. కాలేజీలు దీన్ని ప్రాజెక్టు పనిలో చేర్చాలి. మిల్లులు, ఆస్పత్రులు, బడులు నడిపేవాళ్లు కూడా తమ సర్వర్ చూసే కంపెనీని ఒక్క మాట అడగాలి: మా మెషీన్ ఎలా ఉండాలో రాసిన ఫైలు ఉందా, దానితో చివరిసారి ఎప్పుడు పోల్చి చూశారు? సమాధానం రాకపోతే కొత్త ఫీచర్లేవీ కోరకండి, ముందు ఆ ఫైలు రాయించండి.