లయను లెక్కించు పెట్టె: గ్రూవ్‌బాక్సు గుణదోషములు

శ్రుతి తల్లి, లయ తండ్రి అని సంగీతజ్ఞులు చెప్పుదురు. తంబూరాకు మారుగా ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె నేడు కచేరీలలో సాధారణమైనది. అట్లే లయను తానే లెక్కించుచు, ముందుగా నిర్ణయించిన వరుసలో స్వరములను, దరువులను పలికించు యంత్రములును కలవు. వరుసను జ్ఞాపకముంచుకొని పలికించు భాగమునకు సీక్వెన్సరు అని పేరు. సీక్వెన్సరును, శబ్దములను పుట్టించు విద్యుద్వలయములను, చేతితో త్రిప్పు నాబులను ఒకే పెట్టెలో ఇమిడ్చినచో అది గ్రూవ్‌బాక్సు అగును. జపానుకు చెందిన రోలాండ్ సంస్థ 1996లో తన ఎం.సి.-303 యంత్రమును ఈ పేరుతో విక్రయించినది. అదే సంస్థ 1980లో వెలువరించిన టి.ఆర్.-808 అను దరువుల యంత్రమును, 1981 నాటి టి.బి.-303 అను మంద్రస్వర యంత్రమును దీనికి పూర్వులని చెప్పవచ్చును.

ఇట్టి యంత్రమును కొనువారి కంట మొదట పడునది శబ్దముల సంఖ్య. ఎం.సి.-303లో 448 శబ్దములు గలవు. కాని శబ్దములెన్ని అను ప్రశ్నకన్న, కాలమును యంత్రము ఎట్లు విభజించుచున్నది అను ప్రశ్న ముఖ్యమైనది. యంత్రము యొక్క బలమును, లోపమును రెండును అచ్చటనే పుట్టుచున్నవి.

పదునారు గడులు

టి.ఆర్.-808 ముందు భాగమున 16 మీటలు వరుసగా నుండును. ఒక్కొక్క మీట ఒక గడి. ఏ గడిలో దరువు వినబడవలెనో ఆ మీటను నొక్కిన చాలును. నిమిషమునకు 120 దెబ్బల వేగమున ఒక దెబ్బకు అర సెకను పట్టును. దెబ్బకు నాలుగు గడులు గనుక ఒక్కొక్క గడి నిడివి 125 మిల్లీసెకనులు. 16 గడులకు 2 సెకనులు. చివరి గడి ముగియగానే యంత్రము మొదటికి వచ్చును.

ఈ పద్ధతిలో గొప్ప సౌకర్యము గలదు. వాద్యమున చేయి తిరుగనివాడు కూడ లయను కంటితో చూడగలడు. తప్పిన దరువు నొక్కదానినే సరిదిద్దుకొనగలడు. ఆదితాళము యొక్క 8 అక్షరములు, అక్షరమునకు రెండు గడుల చొప్పున, 16 గడులలో చక్కగా నిముడును. మిశ్రచాపునకు 7 అక్షరములు గనుక 14 గడులు చాలును. ఈ యంత్రమున వరుసను 14వ గడితో ముగించు అమరిక కలదు. కావున నాలుగుల లెక్కకు తప్ప ఇది పనికిరాదనుట న్యాయము కాదు.

ఐదింటి చిక్కు

అసలు చిక్కు ఖండగతిలో వచ్చును. ఒక దెబ్బలో 'తకతకిట' అని ఐదు సమాన భాగములు పలుకవలెననుకొందము. దెబ్బ అర సెకను గనుక అవి 0, 100, 200, 300, 400 మిల్లీసెకనుల వద్ద పడవలెను. గడులు మొదలగు స్థానములు 0, 125, 250, 375 మాత్రమే. 200, 300 అను రెండు దరువులకును దగ్గరి గడి 250. రెండును ఒకే గడిలో పడి ఐదు నాలుగగును. పైగా 50 మిల్లీసెకనుల దోషము వచ్చును. ఇది చెవికి స్పష్టముగా తెలియును.

దీనికొక ఉపాయము కలదు. ఐదు గడులను ఒక దెబ్బగా భావించి, యంత్రపు వేగమును 120 నుండి 150కి పెంచినచో ఒక్కొక్క గడి 100 మిల్లీసెకనులగును. పది గడుల వరుసను నాలుగు మారులు పలికించినచో ఎనిమిది దెబ్బలు ఖండగతిలో పూర్తియగును. కాని మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనమున చతురశ్రము నుండి ఖండమునకు మారినట్లు, పాట నడుమ గతి మార్చవలెనన్నచో సరిగా ఆ క్షణముననే వేగమును మార్చవలెను. నాబును చేతితో త్రిప్పి అంత కచ్చితముగా మార్చుట కష్టము. కావున లోపము తాళపు నిడివిలో లేదు, గతిభేదములో నున్నది.

తరువాతి యంత్రములు కాలమును మరింత సూక్ష్మముగా విభజించినవి. రోజర్ లిన్ రూపకల్పన చేయగా అకాయ్ సంస్థ 1988లో వెలువరించిన ఎం.పి.సి.-60 దెబ్బను 96 భాగములు చేయును. 96ను ఐదుతో భాగింప 19.2 వచ్చును, నిశ్శేషముగా పోదు. అయినను పై వేగమున ఒక్కొక్క భాగము సుమారు 5 మిల్లీసెకనులే గనుక, దోషము ఎక్కువలో ఎక్కువ సుమారు 2 మిల్లీసెకనులే. 50 ఎక్కడ, 2 ఎక్కడ!

స్వరముల సంగతి

టి.బి.-303 సప్తకమును 12 సమభాగములుగా పలికించును. ఒక స్వరము నుండి మరొక స్వరమునకు జారు సదుపాయము కూడ దీనికి గలదు. బొంబాయిలో హిందీ చలనచిత్రములకు వాద్యకారుడుగా పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ ఈ యంత్రముతోను, టి.ఆర్.-808తోను పది హిందూస్థానీ రాగములను వాయించి 1982లో గ్రామఫోను రికార్డుగా వెలువరించెను. జారు సౌకర్యము రాగచ్ఛాయకు కొంత తోడ్పడినది. కాని జారుటకు పట్టు కాలము ఈ యంత్రములో స్థిరము. నెమ్మదిగా ఊగు కంపితము వంటి గమకము దానికి చేతకాదు.

పైగా దీనిలో స్వరములను ఒకసారి, వాని కాలములను వేరొకసారి నమోదు చేయవలెను. విద్యుత్తు లేనపుడు బ్యాటరీలను తీసినచో జ్ఞాపకము చెడిపోవును. బేస్ గిటారు వాద్యకారునికి మారుగా వాయించుటకై తయారైనను, ఇది ఆ గిటారువలె పలుకలేదు; 1984లో తయారీ నిలిచినది. అమెరికాలో చికాగో నగరపు యువకులు పాత సరుకుగా దీనిని కొని, నాబులను త్రిప్పుచు పుట్టించిన వింత నాదముతో 1987లో 'యాసిడ్ ట్రాక్స్' వెలువడినది. ఒక పనికి లోపమైనది మరొక పనికి గుణమైనది.

ఎట్లు పరీక్షింపవలెను?

పాఠశాలకో, స్వంతమునకో ఇట్టి యంత్రమును ఎంచుకొనువారు నాలుగు విషయములు విచారింపవలెను. దెబ్బను ఎన్ని భాగములు చేయును? వరుస నిడివిని మార్చవచ్చునా? ఒకేసారి ఎన్ని స్వరములు పలుకును? విద్యుత్తు పోయినచో జ్ఞాపకము నిలుచునా? ఎం.సి.-303 ఒకేసారి 28 స్వరములు పలుకగలదు. కాని బయటి శబ్దమును గ్రహించి దాచుకొనలేదు గనుక, మృదంగనాదమును దానిలో చేర్చుట సాధ్యము కాదు.

యంత్రము లేకున్నను ఈ పరీక్షను తరగతిలో చేయవచ్చును. నల్లబల్లపై 16 గడులు గీచి, విద్యార్థులచే మొదట 'తకధిమి', పిమ్మట 'తకతకిట' చప్పట్లతో చెప్పించి, ఏ అక్షరము ఏ గడిలో పడునో గుర్తింపజేయవలెను. ఏ అక్షరములకు గడి దొరకదో చూచినచో యంత్రము ఎచ్చట ఓడునో విద్యార్థులకు తెలియును. వాని చేతులు మాత్రము ఆ ఐదింటిని తేలికగనే పలికించును.