అమ్మమ్మ కథ ఏ సంచికలో ఉంది?

"మా అమ్మ కథ రాసిందా? పోపులపెట్టె దాటి బయటికొస్తేగా!" అంటూ మా మేనమామ నవ్వేశాడు. అమ్మమ్మ తద్దినం రోజు, భోజనాల దగ్గర. వడ్డిస్తున్న పెద్దమ్మ ఏమీ అనలేదు గానీ, వంటింట్లోకి వచ్చి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

పెద్దమ్మ చెప్పేదాని ప్రకారం 1940ల్లో అమ్మమ్మ కథ ఒకటి మద్రాసు నుంచి వచ్చే పత్రికలో అచ్చయింది. "గృహలక్ష్మి అయ్యుంటుందే" అంటుంది. డాక్టర్ కె.ఎన్.కేసరి 1928లో మొదలుపెట్టిన ఆడవాళ్ల పత్రిక అది. ఆ సంచిక చాలాకాలం ట్రంకుపెట్టె అడుగున ఉండేదట. ఏ చలికాలంలో నీళ్లపొయ్యి పాలయిందో ఎవరికీ తెలీదు. ఇంట్లో కథలు రాసేది నేనొక్కదాన్నే కాబట్టి వెతికే పని నా నెత్తిన పడింది.

ఎక్కడని వెతకను? మా ఊరి శాఖా గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. పిల్లల బాక్సులు, ఆయన టిఫిను, సాయంత్రం హోంవర్కులు... మన చేతులు ఖాళీగా లేని వేళలన్నీ సరిగ్గా అవే! మధ్యాహ్నం రెండింటికి నాకు తీరిక, దానికి తాళం. ఒకరోజు ఎలాగో వెళ్లాను. పాత పత్రికలు అక్కడ లేవన్నారు. ఎక్కడుంటాయో చెప్పేవాళ్లూ లేరు.

మా అబ్బాయి ఫోన్‌లో ఏఐని అడిగాడు. క్షణంలో కథ పేరు, నెల, సంవత్సరం అన్నీ చెప్పేసింది. సంబరపడి పెద్దమ్మకి ఫోన్ కూడా చేసేశాను. తీరా చూస్తే ఆ పేరుతో ఎక్కడా ఏ కథా లేదు. రెండోసారి అడిగితే ఇంకో పేరు చెప్పింది! లేదని చెప్పడం దానికి చేతకాలేదు. పెద్దమ్మకి మళ్లీ ఫోన్ చేసి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

లైబ్రేరియన్‌కో ఉత్తరం

అప్పుడు ఓ స్నేహితురాలు చెప్పింది, చాలా దేశాల్లో లైబ్రేరియన్‌ని ఇంట్లో కూర్చునే ప్రశ్న అడగొచ్చని. ఇది నిన్న మొన్న పుట్టిన ఏర్పాటు కాదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1968 నుంచే ఫోన్లో ప్రశ్నలకు జవాబులివ్వడానికి ప్రత్యేకంగా ఓ విభాగం నడిపింది. ఇంటర్నెట్ వచ్చాక వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మరో అడుగు వేసింది. ఒక లైబ్రరీకి తెలియని ప్రశ్న తెలిసిన ఇంకో లైబ్రరీకి చేరేలా 2000లో ఓ ప్రయోగం మొదలుపెట్టింది. అందులో వెళ్లిన తొలి ప్రశ్న దేని గురించో తెలుసా? ప్రాచీన బైజాంటైన్ సామ్రాజ్యంలో వంటల గురించి! కాలిఫోర్నియాలోని శాంటా మోనికా లైబ్రరీ కొద్ది గంటల్లోనే జవాబు పంపింది. వంటింటి ప్రశ్నతోనే మొదలయిందన్నమాట. నాకెందుకో భలే నచ్చింది.

ఇప్పుడా లైబ్రరీకి వెబ్‌సైట్‌లో ఓ ఫారం ఉంది. ఏ దేశం వాళ్లయినా నింపి పంపొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. జవాబు వెంటనే రాదు, కొన్ని రోజులు పడుతుంది. మన పుస్తకాల గురించి వాళ్లకేం తెలుస్తుంది అనుకోకండి. 1962 నుంచీ ఢిల్లీలో వాళ్ల ఆఫీసు ఉంది. తెలుగుతో సహా మన భాషల పుస్తకాలు అక్కడినుంచే కొని పంపుతారు. కొన్ని లైబ్రరీల్లో చాట్ కూడా ఉంటుంది. రాత్రిపూట ఒక ఊరివాళ్ల ప్రశ్నకి వేరే ఊళ్లో మేలుకుని ఉన్న లైబ్రేరియన్ జవాబిస్తారు. అయితే జబ్బుకి మందు చెప్పమన్నా, కోర్టు కేసులో సలహా ఇమ్మన్నా ఇవ్వరు. ఏ పుస్తకం చూడాలో చెబుతారంతే. పిల్లల హోంవర్కు కూడా చేసిపెట్టరు లెండి!

నేను దక్షిణాసియా పుస్తకాల విభాగం ఉన్న ఓ విదేశీ విశ్వవిద్యాలయం లైబ్రరీకి రాశాను. "1940ల తెలుగు పత్రికల్లో మా అమ్మమ్మ కథ కావాలి" అని ఒకే ఒక్క వాక్యం. నాలుగో రోజు జవాబొచ్చింది. జవాబు కాదు, ఎదురు ప్రశ్నలు. సుమారుగా ఏ సంవత్సరం? పత్రిక పేరు మీకెవరు చెప్పారు? ఇప్పటిదాకా ఎక్కడెక్కడ చూశారు? చివరగా, "ఆవిడ ఏ పేరుతో రాసేవారు? పెళ్లికి ముందు ఇంటిపేరు ఏమిటి?"

ఆ చివరి ప్రశ్న చదివి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆడదాన్నయ్యుండి, పెళ్లయి ఇంటిపేరు మారినదాన్నయ్యుండి, నాకా ఆలోచనే రాలేదు! పెద్దమ్మకి ఫోన్ చేశాను. అటువైపు చాలాసేపు మాట లేదు. "అత్తారింట్లో తెలియకూడదని పుట్టింటి ఇంటిపేరు పెట్టుకుందే. తాతయ్యక్కూడా ఎన్నో ఏళ్లకి గానీ చెప్పలేదు" అంది నెమ్మదిగా.

రిఫరెన్స్ సేవ అంటే ఇదేనని నాకప్పుడు అర్థమయింది. స్కాన్ చేసి పెట్టిన పుస్తకాలు మనకిప్పుడు కొదవ కాదు. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో ప్రారంభించిన కథానిలయం వేల తెలుగు కథల్ని ఇంటర్నెట్‌లో పెట్టింది. అందులోనూ వెతికాను, తప్పుడు ఇంటిపేరుతో! మనం అడిగినదాని వెనక అసలు ఏం కావాలో రాబట్టే మనిషి ఒకరుండాలి. మీరెప్పుడైనా ఇలా రాస్తే నాలా ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. తెలిసిన పేర్లు, సుమారు సంవత్సరాలు, ఇప్పటికే చూసినవి, ఎందుకు కావాలో... అన్నీ రాయండి. విని ఉన్నమాటేదో, కళ్లారా చూసిందేదో విడిగా చెప్పండి.

మన పన్ను, మన లైబ్రరీ

ఇంటిపన్ను కట్టినప్పుడల్లా రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమూ కడుతున్నాం. రసీదు తీసి చూసుకోండి. జిల్లా గ్రంథాలయంలో మధ్యాహ్నం రెండు గంటలపాటు ప్రశ్నలు తీసుకోవడానికి ఒక ఫోన్, ఒక వాట్సాప్ నంబరు, ఒక మనిషి ఉంటే చాలదూ? ఉన్న ఒక్కరే తలుపులు తెరిచి, పేపర్లు సర్ది, రిజిస్టర్లు రాయాల్సిన చోట ఇంకో పని ఎలా అంటారేమో. నిజమే, మనిషిని ఇవ్వకుండా నంబరు మాత్రం బోర్డు మీద రాస్తే అది మోగుతూనే ఉంటుంది. నోటిఫికేషన్ కోసం చదివే అమ్మాయి, పింఛను జీవో నంబరు కావలసిన పెద్దావిడ, పురిటి ఇంట్లో ఉండి పరీక్షకి కట్టిన కోడలు... గడప దాటలేని వేళల్లో వీళ్లెవరిని అడగాలి?

ఇక మా సంగతి. పుట్టింటి ఇంటిపేరు పంపిన మూడు వారాలకి మెయిల్ వచ్చింది. అది గృహలక్ష్మి కాదు, మరో పత్రిక. 1946 సంచిక విషయసూచికలో మా అమ్మమ్మ పేరు, కథ పేరు, పుట నంబరు! సూచిక ఫొటో కూడా పంపారు. కథ ఉన్న నాలుగు పుటలు మాత్రం వాళ్ల ప్రతిలో చిరిగిపోయాయట. "మా దగ్గర లేవు" అని స్పష్టంగా రాసి, ఆ సంచిక ఉండే అవకాశమున్న రెండు లైబ్రరీల పేర్లిచ్చారు. రెండూ మన దగ్గరే ఉన్నాయి. ఒకదానికి ఉత్తరం రాశాను, రెండోదానికి ఈ నెలాఖరులో నేనే వెళ్తున్నాను.

విషయసూచికని ప్రింటు తీయించి మేనమామకి పంపాను. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఐదో రోజు ఫోన్ చేసి, "ఆ లైబ్రరీకి నేనూ వస్తానే, రైలు టిక్కెట్ నాక్కూడా తీయి" అన్నాడు.