పాత ట్రాక్టరు రేడియేటరు శుభ్రత

వరంగల్ జిల్లాలో పత్తి కట్టెను ముక్కలు చేసే ష్రెడ్డరును నడిపే పాత ట్రాక్టరు వేడెక్కితే, రైతు రేడియేటరులో నీరు నింపి పని కొనసాగిస్తాడు. నీటి మట్టం సరిగానే ఉన్నా వేడి తగ్గకపోతే వెలుపలి రెక్కలను పరిశీలించాలి. దుమ్ము, పత్తి పీచు నూనె తడితో కలిసి అక్కడ అట్టకట్టి గాలిని అడ్డగిస్తాయి. అలాగే నడిపితే సిలిండరు హెడ్ వంగి, గాస్కెట్ దెబ్బతినవచ్చు. ఆ ఖర్చు ముందు ఒక పూట శ్రమ ఏపాటిది?

ఫ్యాను గాలిని ముందు నుండి ఇంజను వైపు లాగుతుంది. కనుక ఇంజను పూర్తిగా చల్లారిన పిదప, ఫ్యాను వైపు నుండి ముందుకు తక్కువ పీడనంతో గాలి ఊదాలి. జిడ్డును సబ్బు నీటితో కడగాలి. సర్వీసింగ్ కేంద్రపు ఉధృత నీటిధార పలుచని రెక్కలను వంచివేస్తుంది. ముందు నుండి కొడితే చెత్త మరింత లోతుకు పోతుంది. ఇంత చేసినా వేడి తగ్గకపోతే ఫ్యాను బెల్టు బిగువు చూసి, ఆపై బోరు నీటి సున్నం పేరుకొనే లోపలి గొట్టాలను అనుమానించాలి.